తుఫాను వెళ్ళాక: ఊళ్ళో ఇల్లూ పొలమూ ఉన్న హైదరాబాద్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ముమ్మిడివరం అవతల, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. ఇరవై ఏళ్ళుగా ఉంటున్నది కూకట్‌పల్లిలో. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మా అపార్ట్‌మెంట్‌లో గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళందరి చూపూ టీవీ అడుగున పాకే అక్షరాల మీదే ఉంటుంది. అల్పపీడనం అన్న మాట కనపడగానే ఫోన్లు మొదలు. తుఫాను రాకముందు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు బోలెడంతమంది. అది దాటిపోయి, కెమెరాలు కూడా వెనక్కి వెళ్ళిపోయాక, మూడో రోజు నుంచి మూడో ఏడాది దాకా ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు మాత్రం దొరకరు. ఏటా అవే ప్రశ్నలు అడుగుతుంటే నాకు తెలిసినవీ, నేను దెబ్బతిని నేర్చుకున్నవీ ఇక్కడ రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి రెండే ముక్కలు.

సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. హైదరాబాద్‌లో మనకి తుఫానుతో పనేంటి?

2020 అక్టోబరు 13 గుర్తుందా? బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం ఆ రోజు పొద్దున్న కాకినాడ దగ్గర తీరం దాటింది. కాకినాడ వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. అదే రోజు సాయంత్రానికి అది మన నెత్తిమీదకొచ్చింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. పాతబస్తీ వైపు చెరువు గట్లు తెగాయి, టోలీచౌకిలో నదీం కాలనీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. తీరం దాటగానే గాలి బలహీనపడుతుంది గానీ, మేఘాల్లో ఉన్న నీరు ఎక్కడికీ పోదు, ఎక్కడో ఒకచోట కురిసే తీరుతుంది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను కూడా కోస్తాలో దిగి, ఆ మర్నాడు వరంగల్, హనుమకొండల్ని ముంచింది.

అమెరికాలో మా అబ్బాయి 'హరికేన్' అంటాడు. అదీ ఇదీ వేరా?

ఒకటే. అట్లాంటిక్‌లో హరికేన్, చైనా, జపాన్ల వైపు టైఫూన్, మన దగ్గర తుఫాను. అక్కడ తర్వాత జరిగేదీ మన దగ్గర జరిగేదే. 2005లో కత్రినా వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో కరకట్టలు తెగి, ఊళ్ళో 80 శాతం మునిగింది. గాలి ఒక్కరోజులో పోయింది. నీళ్ళు తోడడానికి మాత్రం వారాలు పట్టింది, ఎందుకంటే ఆ ఊరు దాదాపు సగం సముద్రమట్టానికి కిందుంది. 2024లో హెలీన్ తీరానికి ఎంతో దూరంలో, కొండల్లో ఉన్న యాష్‌విల్‌ని ఊడ్చేసింది. అదీ మన 2020 కథే. మీ అబ్బాయి ఫోన్ చేస్తే ఆ పోలిక చెప్పండి.

ఇక్కడో మాట చెప్పాలి. ఈ పేజీ అంతా ఒకే సంగతి చుట్టూ తిరుగుతుంది: వచ్చిన నీళ్ళకంటే వెనక్కి పోలేని నీళ్ళు చేసే చేటే ఎక్కువ. మిగతా ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ఉప్పెన అంటే పెద్ద అల రావడమేనా?

కాదు. అల వచ్చి వెనక్కి పోతుంది. ఉప్పెనలో సముద్రం మొత్తంగా పైకి లేచి నడుచుకుంటూ ఊళ్ళోకి వస్తుంది. గాలి నీటిని ఒడ్డుకేసి నెడుతుంది, తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి ఆ నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. దానికి పోటు కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో లేచిన ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున, పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కే 10,000 మంది దాకా. సొర్లగొంది, హంసలదీవి పేర్లు వింటే ఆ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం మాట్లాడరు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారంటారు.

1996 నవంబరు 6 రాత్రి మా ఊరి మీదుగా వెళ్ళిన తుఫానప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఉత్తరపు గాలి మూడు గంటలు వాయించాక ఉన్నట్టుండి ఆగిపోయింది. చుక్కలు కూడా కనపడ్డాయి. నేను తలుపు తీయబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని, "ఆగెహె, ఇంకా సగవే అయ్యింది" అన్నాడు. అరగంటకి దక్షిణం నుంచి మళ్ళీ మొదలైంది. ఆ నడిమధ్య ప్రశాంతతని నమ్మి బయటికొచ్చినవాళ్ళు చాలామంది దెబ్బతిన్నారు. తుఫాను కన్ను అంటే అదే.

'తీరం దాటింది' అన్నారు. రాత్రి బస్సుకే బయల్దేరొచ్చా?

వద్దు. కనీసం ఒక రోజు ఆగండి. పడిన కరెంటు తీగలు, తెగిన గట్లు, కూలిన చెట్లు తీసే మనుషులకి మీరు అడ్డం మాత్రమే అవుతారు. దారి సంగతీ ఉంది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద విజయవాడ హైవే మీదకి ఎక్కింది. ఎల్బీనగర్‌లో బస్సెక్కినవాళ్ళు కోదాడ దాటక ముందే చిక్కుబడ్డారు. ముందు ఊళ్ళో ఎవరో ఒకరితో మాట్లాడండి. టవర్లు పనిచెయ్యకపోతే మెసేజ్ పెట్టండి, కాల్ కలవనప్పుడు కూడా అది ఏదో ఒక గంటలో చేరుతుంది. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077.

వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి: చిన్న నోట్లతో డబ్బు (ఏటీఎంలు, ఫోన్‌పే రెండూ పనిచెయ్యవు), టార్పాలిన్, తాడు, టార్చిలైటు, రబ్బరు బూట్లు, కొత్త ప్యాకెట్ బ్లీచింగ్ పౌడరు, నాన్నగారి బీపీ, షుగరు మందులు నెల రోజులకి సరిపడా. పాత బట్టల మూటలు మాత్రం వద్దు. 96లో లారీల్లో వచ్చిన బట్టల్లో పట్టు జాకెట్లు, నలిగిన టైలూ చూశాం. అవి చివరికి గట్టు మీద తడిసి కుళ్ళాయి.

ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టేటప్పుడు?

మెయిన్ ఆపకుండా అడుగు పెట్టకండి. కరెంటు లేదు కదా అనుకుంటారు, లైను ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలీదు. మీటరు బోర్డు మునిగి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఫ్యాను కూడా వెయ్యొద్దు. కరెంటు వాళ్ళ నంబరు 1912.

తర్వాతది పాములు. వరదకి అవి కూడా ఎత్తు వెతుక్కుంటాయి. అటక మీద, గడ్డివాములో, ట్రంకు పెట్టె వెనక. చేత్తో కాదు, కర్రతో కదిపి చూడండి. కరిస్తే కట్టు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన చెయ్యి, కాలు కదపకుండా పెట్టి 108కి చేసి ఆస్పత్రికే.

శుభ్రం చేసే ముందు ఫోటోలు తీయండి. గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో బురద గీత చెబుతుంది. దాన్ని టేపుతో కొలిచి, టేపు కూడా కనపడేలా తీయండి. ఆడవాళ్ళు ఊరుకోరు, చీపురు పట్టేస్తారు. మా అమ్మ రెండు గదులు కడిగేశాక నాకు ఈ సంగతి గుర్తొచ్చింది.

బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. మోటారు పెట్టి మొత్తం తోడేస్తే సరిపోతుందా?

ఇదే అందరూ చేసే పొరపాటు. మేమూ చేశాం.

తీరం ఊళ్ళలో ఇసుక నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, మజ్జిగ మీద వెన్న తేలినట్టు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. మోటారు పెట్టి దబదబా తోడితే పైనున్న ఆ పలచటి పొర పోయి, అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో బావులు మళ్ళీ మళ్ళీ తోడి శుభ్రం చేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. చివరికి వాటిని కడిగింది వానలే.

అందుకని: బావిలోకి నేరుగా పడిన సముద్రపు నీరు, బురద, చచ్చిన జీవాలు ఉంటే అవి తీసేంతవరకు ఒక్కసారి నెమ్మదిగా తోడండి. అక్కడితో ఆపండి. తర్వాత బకెట్ల మీద, రోజుకి కొంచెం కొంచెం. కొలిమానం కావాలంటే చిన్న టీడీఎస్ మీటరు కొనండి. పెన్ను అంత ఉంటుంది, ఖరీదు కొన్ని వందలే. తాగే నీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. వేరే నీరు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. సముద్రపు నీటిలో అది దాదాపు 35,000. వారానికోసారి చూసి గోడ మీద బొగ్గుతో రాయమనండి నాన్నగారిని. మా ఇంటి గోడ మీద ఆ అంకెలు నాలుగు వరుసలు ఉన్నాయి. రెండు వానాకాలాల తర్వాత గానీ అవి మూడంకెల్లోకి దిగలేదు.

నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

బ్లీచింగ్ పౌడరు ఎంత వెయ్యాలి?

మామూలు లెక్క 1,000 లీటర్లకి 2.5 గ్రాములు. మీటరు వెడల్పున్న వరల బావిలో మూడు మీటర్ల నీరుంటే అది సుమారు 2,350 లీటర్లు, అంటే ఆరు గ్రాములు. వరద నీరు కలిసిన బావికి మొదటిసారి ఇంతకంటే బాగా ఎక్కువ కావాలి. ఆ మోతాదు పంచాయతీ వాళ్ళనో, ఏఎన్ఎంనో అడిగి వేయించండి.

పొడి తెచ్చి బావిలో గుమ్మరించకండి. బకెట్లో కలిపి పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైనున్న తేట మాత్రమే బావిలోకి, అడుగుది పారబోయాలి. గంట తర్వాత నీళ్ళలో కాస్త వాసన వస్తే మందు పనిచేసినట్టు. విప్పి నెలలు గడిచిన ప్యాకెట్లో పసలేదు, అది సున్నంతో సమానం.

పొలంలోకి సముద్రపు నీరు వచ్చింది. ఇక ఆ చేను పోయినట్టేనా?

పోలేదు. కానీ మొదటి వారంలో ఏం చేశారన్నదాన్ని బట్టి ఏడాదిలో కోలుకుంటుందా, అయిదేళ్ళా అన్నది తేలుతుంది.

నిలిచిన ఉప్పునీటిని ఎండనివ్వకూడదు. ఎండితే నీరు పైకి పోయి ఉప్పు నేల మీద తెల్లటి పొరలా మిగులుతుంది. కాబట్టి గట్టు తెంచి మురుగు కాల్వలోకి వదలాలి. తర్వాత కాల్వ నీరో, వాన నీరో చేలో నిలవగట్టి, దమ్ము చేసి, రెండు మూడు రోజులుంచి మళ్ళీ వదలాలి. ఇలా మూడు నాలుగు సార్లు. నీరు కిందికి ఇంకి ఉప్పుని మోసుకుపోవాలి. బంకమట్టి నేలల్లో మరో చిక్కుంది. సోడియం పట్టి నేల బిగుసుకుపోతుంది, నీరే ఇంకదు. అక్కడ జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియాన్ని విడగొడుతుంది. ఎంత వెయ్యాలన్నది మట్టి పరీక్ష చేయించి తేల్చుకోవాలి, పక్క చేను వాడు వేశాడని కాదు. పరీక్షలో ఈసీ అని ఒక అంకె ఇస్తారు. అది 4 దాటితే ఉప్పు నేల కిందే లెక్క.

వరి నాట్లకి ముందు పచ్చిరొట్టగా జీలుగ చల్లండి. ఉప్పుని తట్టుకుంటుంది, పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారుతుంది. వరి వేస్తే మచిలీపట్నం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన, ఉప్పుని ఓర్చుకునే ఎం.సి.ఎం. రకాల గురించి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి.

ఇదంతా చెప్పాక అసలు గొడవ ఒకటుంది. వదిలిన నీరు పోవడానికి డ్రెయిన్ ఉండాలి కదా! గుర్రపుడెక్క పట్టి, పూడిక పేరుకుని, ఇరుపక్కలా ఆక్రమణలతో సన్నబడిన డ్రెయిన్ నీటిని తీసుకెళ్ళదు, పోటు వచ్చినప్పుడు సముద్రాన్నే చేలోకి తెస్తుంది. కేశనపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిన్ అలా ఎగదన్నబట్టే కొబ్బరితోటలు మోళ్ళుగా మారాయి. అక్కడ తుఫాను కూడా అక్కర్లేకపోయింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్ళు అడిగినవాటిలో ఈ మురుగు నీటి సంగతీ ఉంది. హైదరాబాద్‌లో నాలాల గురించి మనం అరిచే అరుపూ అదే.

కోసిన వరి పనలు తడిసి మొలకలొస్తున్నాయి.

లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి పనల మీద తడిసేలా పిచికారీ చేయించండి, మొలక ఆగుతుంది. ఉప్పుతో చేను పోగొట్టుకుని ఉప్పుతోనే గింజని కాపాడుకోవడం, ఏం చేస్తాం.

కొబ్బరి చెట్లు ఒరిగిపోయాయి, తలలు తిరిగిపోయాయి. కొట్టించెయ్యాలా?

తొందరపడకండి. తుఫాను మర్నాడే కలప వ్యాపారి వస్తాడు, మనం హైదరాబాద్‌లో ఉన్నామని తెలిస్తే ఇంకా ముందొస్తాడు. ఫోన్లోనే బేరం తేల్చెయ్యమంటాడు.

చూడాల్సింది ఒక్కటే, మొవ్వు. నడిమధ్య లేత ఆకు నిగనిగలాడుతూ నిటారుగా ఉంటే చెట్టు బతికినట్టే, మట్టలన్నీ విరిగినా సరే. ఆ లేతాకు పట్టుకు లాగితే ఊడి చేతికొచ్చి, మొదట్లో కుళ్ళు వాసన వస్తే అది మొవ్వు కుళ్ళు. విరిగిన మట్టలు, గెలలు తీయించి, మొవ్వు మీద ఒక శాతం బోర్డో మిశ్రమం పోయించాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు. రెంటినీ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి, తర్వాత ఒకటి చెయ్యాలి, ఇనుప పాత్ర పనికిరాదు. పాళ్ళు సరిపోయాయో లేదో చూడ్డానికి మా ఊళ్ళో దింపు కార్మికుడు తన కత్తి మొనని అందులో ముంచి తీస్తాడు. మొన ఎర్రబడితే తుత్తం ఎక్కువైందని ఇంకో పిడికెడు సున్నం వేస్తాడు. చెట్టెక్కడం చేతకాని మాబోటి వాళ్ళం ఆ కత్తి పట్టుకుని నిలబడి తల ఊపుతాం.

వేర్లు ఇంకా నేలలో ఉండి ఒరిగిన చిన్న చెట్లని నిలబెట్టి, తాళ్ళు కట్టి, మట్టి ఎగదోయొచ్చు. పెద్దవి లేవవు. చచ్చిన మొద్దుల్ని మాత్రం తోటలో వదలకండి. కుళ్ళిన మొద్దుల్లో, పెంటకుప్పల్లో కొమ్ము పురుగు పెరుగుతుంది. తుఫాను వదిలేసిన చెట్లని ఏడాది తర్వాత అది తింటుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళని అడిగితే మందులు, ఎరువులు వివరంగా చెబుతారు.

పంట నష్టపరిహారం పొలం ఉన్న నాకు వస్తుందా, కౌలు రైతుకా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు గొంతు కాస్త తగ్గించి అడుగుతారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పెట్టుబడి ఎవరిదో నష్టం వాళ్ళది, సాయమూ వాళ్ళకే.

లెక్కలు ఇవీ. కేంద్రం నిబంధనల ప్రకారం పంట 33 శాతమైనా పోయుండాలి. 2022-26 కాలానికి నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, తోటలకి 22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000. రాష్ట్ర ప్రభుత్వం దానికి కలిపి ఇస్తే ఇవ్వచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంటలో, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్కలో, ఎవరి పేరు నమోదైందో జాబితా దాన్ని బట్టి తయారవుతుంది. కౌలు రైతు పేరు ఎక్కాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందో అని మనవాళ్ళకి భయం. ఆ పత్రం పంట వరకే, పదకొండు నెలలకే, భూమి మీద హక్కు ఇవ్వదని చట్టంలోనే ఉంది. ఒకసారి మా కౌలు రైతు ఫోన్ చేసి, "బాబుగారూ, మీరు సంతకం పెట్టలేదండి, మా పేరు లిస్టులో రాలేదండి. పర్లేదండి" అన్నాడు. ఆ 'పర్లేదండి' నాకు చాలా రోజులు వినపడింది. మర్నాటి ఏడాది జూన్‌లోనే వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను.

పంటల బీమా ఉంటే, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుఫానుకి తడిసినా వర్తిస్తుంది. కానీ 72 గంటల్లో చెప్పాలి. నంబరు 14447. నష్టం జాబితా గ్రామ సచివాలయంలో అతికిస్తారు, అభ్యంతరాలకి ఇచ్చేది కొద్ది రోజులే. ఫోటో తీసి పంపమని ఎవరికైనా చెప్పుకోండి.

ఇంటికి, కారుకి ఇన్సూరెన్స్ వస్తుందా?

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ ఇవ్వాలి. అందులో తుఫాను, వరద విడిగా అడగక్కర్లేకుండానే ఉంటాయి. కట్టడం ఖర్చుకే బీమా, స్థలం విలువకి కాదు. హోమ్ లోన్ తీసుకున్నవాళ్ళు ముందు కాగితాలు చూసుకోండి. బ్యాంకు అప్పుడే పాలసీ అంటగట్టి ఉంటుంది, మీకు గుర్తుండదు.

కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరదకి రూపాయి రాదు. 2020 అక్టోబరులో మా సెల్లార్‌లో నీళ్ళు తగ్గాక నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. సీటు తుడిచి, తాళం పెట్టి స్టార్ట్ చేశాను. 'టక్' మని ఒక్క శబ్దం. ఇంజన్‌లోకి నీరు లాక్కుని కనెక్టింగ్ రాడ్ వంగింది. కార్పెట్లకీ, వైరింగుకీ డబ్బులిచ్చిన కంపెనీ ఇంజన్‌కి ఇవ్వలేదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పోయిందన్నారు. వాళ్ళన్నది పాలసీ ప్రకారం సరే. మునిగిన కారుని తాళం తిప్పకుండా, బ్యాటరీ తీసి, లాగించుకుని తీసుకెళ్ళండి. పాలసీ తీసుకునేటప్పుడు ఇంజన్ ప్రొటెక్ట్ కలుపుకోండి.

నీళ్ళు పోయిన పది రోజులకి నాన్నకి జ్వరం. డెంగీయేనా?

కావచ్చు, కాకపోవచ్చు. వరద నీళ్ళలో తిరిగిన అయిదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే ఎలుక జ్వరం అనుమానించాలి. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాళ్ళ పగుళ్ళలోంచి లోపలికి పోతుంది. "వరద నీళ్ళలో తిరిగారు" అన్న మాట డాక్టరుకి మీరే చెప్పాలి, ఆయన అడగకపోవచ్చు. మేకులు, రేకులు గీసుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్. డెంగీ దోమ రెండు మూడు వారాలు ఆగి, కొబ్బరి చిప్పల్లో నీళ్ళు నిలిచాక మొదలవుతుంది.

రొయ్యల చెరువుల వల్లే ఇదంతా అంటారు. నిజమా?

అన్నీ వాటి నెత్తిన రుద్దడం తప్పు, వాటికి సంబంధం లేదనడం ఇంకా పెద్ద తప్పు. పక్క చేలల్లోకి ఉప్పు ఊరడం, డ్రెయిన్లోకి మురుగు వదలడం, చెరువు గట్ల కోసం నీటి దారి మూసెయ్యడం కళ్ళారా చూస్తున్నాం. వరదొస్తే చెరువుల్లోని మందులు, మేత, చచ్చిన రొయ్య అన్నీ కలిసి కాల్వలో పడతాయి. అవి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు అయిపోయి చేపలు తెల్లగా తేలతాయి. అవి ఏరి వండుకోవద్దని ఊళ్ళో వాళ్ళకి చెప్పండి. ఆ చెరువుల లీజు డబ్బుతోనే మా వీధిలో ముగ్గురు పిల్లలు ఇక్కడ ఇంజనీరింగ్ చదివారు, అదీ నిజమే.

మడ అడవులుంటే తుఫాను ఆగుతుందా?

ఆగదు, మెత్తబడుతుంది. అల పొగరు అణచడంలో మడకి సాటి లేదు. ఉప్పెన ఎత్తు తగ్గించాలంటే మాత్రం కిలోమీటర్ల వెడల్పున ఉండాలి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో కేంద్రపాడా జిల్లాలో మడ అడవుల వెనకున్న ఊళ్ళలో ప్రాణనష్టం తక్కువని తేలింది. మనకి కాకినాడ పక్కన కోరింగ ఉంది. తెల్లమడ వేర్లు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. నాటడం ఫోటోకి బాగుంటుంది గానీ, పోటూపాటూ సరిగ్గా ఆడని చోట నాటిన మొక్క బతకదు. ఉన్నదాన్ని కొట్టకుండా ఉంటే చాలా నయం.

కాకినాడ పక్కనున్న ఉప్పాడ తీరం ఎందుకలా కోసుకుపోతోంది?

తీరాన్ని నిలబెట్టేది నది మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు. గోదావరి మీదా, ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలు, జలాశయాలు వాటిని పట్టేస్తున్నాయి. సముద్రం తీసుకెళ్ళేది మాత్రం ఆగలేదు. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, జియో ట్యూబులు వేశారు, అవీ చిరిగాయి. ప్రతి తుఫానుకీ బీచ్ రోడ్డు కొంచెం లోపలికి జరుగుతుంది.

హైదరాబాద్‌లో ప్లాట్ కొంటున్నాం. ఇక్కడ ఏం చూడాలి?

చెరువు పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుందో చూడండి, పాత మ్యాపులో నాలా ఎటు పోయేదో చూడండి. ఊరి పేరులో కుంట, చెరువు ఉంటే ఒకటికి రెండుసార్లు అడగండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ రోజు, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్నచోట చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని చెబుతారు. నీటికి చోటు వదలాలన్న తెలివి మనకి అప్పుడు ఉండింది.

బ్రోకరు "ఎప్పుడూ నీళ్ళు రాలేదండీ" అంటే పక్కనున్న కిరాణా కొట్టతన్ని అడగండి. అతని షట్టర్‌కి చిలుం ఎంత ఎత్తు దాకా పట్టిందో చూడండి.

ఊళ్ళో ఇల్లు అమ్మేసి అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చేసుకోవచ్చుగా?

ఇది అందరూ చివర్లో అడుగుతారు, లిఫ్టు దగ్గర నిలబడి. మేమూ అడిగాం. మా నాన్న రెండు నెలలు కూకట్‌పల్లిలో ఉన్నారు. అయిదో అంతస్తు బాల్కనీలోంచి రోజూ ఆకాశం కేసి చూసి, "గాలి ఎటుందో తెలీట్లేదురా ఇక్కడ" అనేవారు. సంక్రాంతికని వెళ్ళి మళ్ళీ రాలేదు.

కిందటి నెల ఫోన్ చేసి ఇక్కడ ఇనుము, సిమెంటు ధరలు అడిగారు. అరుగు ఇంకో రెండున్నర అడుగులు లేపుతున్నారట. మునసబుగారి డాబా మీద 96 నాటి నీటి గీత ఇంకా ఉంది, దానికి పైన జానెడు పెట్టమని మేస్త్రీకి చెప్పారట.